పర్ణశాలల పండుగ చేయకపోతే వాన ఆగిపోతుందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాం. ఆదివారాలు మా అత్తగారివాళ్ళు మొదట్నుంచీ వెళ్ళే లూథరన్ గుడికి వెళ్తాం. ఏడాది నుంచి నేను శుక్రవారం సాయంత్రాలు పక్క ఊళ్ళో జరిగే ఒక ప్రార్థన సహవాసానికి కూడా వెళ్తున్నాను. అక్కడి బ్రదర్ గారు ఈసారి అందరూ పర్ణశాలల పండుగ, అంటే యూదులు ఏడు రోజులు ఆకుల పందిళ్ళలో ఉండి చేసుకునే పండుగ, చేసి తీరాలంటున్నారు. యూదుల పెద్ద పండుగల్లో పస్కా యేసు సిలువ దగ్గర నెరవేరిందట, పెంతెకొస్తు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన మేడగదిలో నెరవేరిందట, ఈ ఒక్క పండుగే మిగిలిందట. ఇది చేయని కుటుంబాల మీద వర్షం కురవదని జెకర్యా గ్రంథం తీసి చూపించారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మా వరి మొత్తం పడిపోయి మొలకలొచ్చింది. అది కూడా ఇందుకేనన్నట్టు మాట్లాడారు. డాబా మీద పందిరి వేసి ఏడు రోజులు అందులో ఉండాలి, షోఫారు అనే పొట్టేలు కొమ్ము బూర ఊదాలి, కుటుంబానికి ఐదు వేలు 'పండుగ దశమభాగం' ఇవ్వాలి అంటున్నారు. మా అత్తయ్యకి ఈ మాట చెబితే మండిపడ్డారు. మనం కృప కింద ఉన్నాం, యూదుల పండుగ చేయడం పాపం అన్నారు. మావారు 'నీ ఇష్టం' అని ఊరుకున్నారు. పిల్లలైతే పందిరి అనగానే ఎగురుతున్నారు. నాకు మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. ఈ పండుగతో క్రైస్తవులకు ఏం సంబంధం? చేయాలా, చేయకూడదా? ఆన్‌లైన్‌లో షోఫారు చూశాను, కొనమంటారా?

— ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ వాన సంగతి తేల్చేద్దాం. మిమ్మల్ని నిద్ర పోనివ్వనిది అదే కదా, మిగతావి తర్వాత చూద్దాం.

బ్రదర్ గారు చూపించింది జెకర్యా 14వ అధ్యాయం 16, 17 వచనాలు అయ్యుంటాయి. యెరూషలేము మీదికి యుద్ధానికి వచ్చిన జనాల్లో మిగిలినవాళ్ళు ఏటేటా అక్కడికి వెళ్ళి, యెహోవాను రాజుగా మొక్కి, పర్ణశాలల పండుగ ఆచరిస్తారనీ, అలా వెళ్ళనివాళ్ళ మీద వర్షం కురవదనీ అక్కడ ఉంది. అది ఒకప్పుడు ఆ పట్టణాన్ని ముట్టడించిన దేశాల గురించి, ప్రవక్త దర్శనంలో చూసిన 'ఆ దినము' గురించి చెప్పిన మాట. తెనాలి పక్క పల్లెలో డాబా మీద పందిరి వేయని కుటుంబం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఇంకొకటి కూడా గమనించండి. జెకర్యా చెప్పింది వాన రాకపోవడం గురించి. మీ పంట పోయింది వాన వచ్చి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోతకొచ్చిన వరి పడిపోయింది, పనల మీద ఉన్నది నానిపోయింది. గుడికెళ్ళేవాళ్ళ చేలు, మసీదుకెళ్ళేవాళ్ళ చేలు, రామాలయానికి వెళ్ళేవాళ్ళ చేలు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళ చేలు, అన్నీ ఒకే నీళ్ళలో ఉన్నాయి. అసలే నష్టపోయి ఉన్న కౌలు రైతు ఇంటికి వెళ్ళి 'మీ భక్తి తక్కువైంది' అనడం బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబును తప్పుపట్టిన అతని స్నేహితులు చేసిన పని. ఆ పుస్తకం చివర్లో దేవుడు కోపగించుకున్నది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. తండ్రి నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపిస్తాడని యేసు ప్రభువు కొండమీద చెప్పిన మాట మీ అత్తయ్యగారికి కంఠతా వచ్చే ఉంటుంది, అడగండి.

అసలు ఆ ప్రవక్త ఈ పండుగను వానతో ఎందుకు ముడిపెట్టాడో తెలిస్తే మీ భయం ఇంకొంచెం వదులుతుంది. ఇశ్రాయేలు దేశంలో మే నుంచి అక్టోబరు దాకా వాన పడడం చాలా అరుదు. యవలు, గోధుమలు వేసవి మొదట్లోనే ఇంటికొచ్చేస్తాయి. తర్వాత ద్రాక్ష, అంజూరాలు, దానిమ్మ, ఖర్జూరాలు, ఆ వెనక ఒలీవలు. వాటి కోత ముగింపుకొచ్చే వేళ, యూదుల ఏడో నెల పదిహేనో రోజున, అంటే పౌర్ణమి రాత్రి ఈ పండుగ మొదలవుతుంది. 2024లో అది అక్టోబరు 16 సాయంత్రం వచ్చింది, 2025లో అక్టోబరు 6 సాయంత్రం, 2026లో సెప్టెంబరు 25 సాయంత్రం. కళ్లంలో పంట, తొట్టిలో ద్రాక్షరసం ఉన్నాయి. కానీ నేల నెర్రెలిచ్చి ఉంది. మళ్ళీ విత్తనం పడాలంటే వాన రావాలి. వచ్చిన పంటకు కృతజ్ఞత, రావలసిన వానకు ప్రార్థన రెండూ ఒకే వారంలో కలిసి ఉన్న పండుగ ఇది. ఎనిమిదో రోజున యూదులు ఇప్పటికీ సమాజమందిరాల్లో వాన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తారు. జెకర్యా వింటున్న జనానికి పర్ణశాలల పండుగ అనగానే వాన గుర్తొస్తుంది. అందుకే ఆ మాట వాడాడు.

మీ పొలం సంగతి చూడండి. ఆ పండుగ నాటికి కృష్ణా డెల్టాలో వరి ఇంకా పచ్చగా ఉంటుంది, పొట్ట మీదో ఈనిక మీదో. కోతలు నవంబరు చివర్లో, డిసెంబరులో. 'కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి కూర్చుకున్న తర్వాత' చేయమని ద్వితీయోపదేశకాండం 16లో చెప్పిన పండుగను, చేను ఇంకా కోతకే రానప్పుడు డాబా మీద చేసి, చేయకపోతే పంట పోతుందని భయపడడం ఆ వచనానికే ఎదురు తిరిగినట్టుంది. ఆ క్యాలెండరు ఆ నేలది.

ఇప్పుడు పండుగ గురించి. నిర్గమకాండంలో దీని పేరు ఫలసంగ్రహపు పండుగ. ఉట్టి రైతుల పండుగ. లేవీయకాండం 23లో దీనికి ఇంకో కారణం చేరుతుంది. ఐగుప్తులోంచి వచ్చినప్పుడు మీ పితరులను పర్ణశాలల్లో నివసింపజేశానని మీ తరాలు తెలుసుకోవాలి, అందుకని ఏడు రోజులు పర్ణశాలల్లో ఉండండి అంటాడు దేవుడు. మన మెట్ట చేలల్లో పిట్టల కాపలాకు వేసుకునే మంచె లాంటివి ఆ దేశపు తోటల్లోనూ ఉండేవి. యెషయా మొదటి అధ్యాయంలోనే ద్రాక్షతోటలోని గుడిసె, దోసపాదుల్లోని పాక కనిపిస్తాయి. కోతల రోజుల్లో రైతు కుటుంబం ఎలాగూ పడుకునే ఆ ఆకుల పాకకే అరణ్య ప్రయాణపు జ్ఞాపకం తోడైందని చాలామంది పండితులు అనుకుంటారు.

నాకు ఈ పండుగలో అన్నిటికంటే నచ్చేది దాన్ని పెట్టిన వేళ. ఎడారిలో నడిచిన సంగతి గుర్తు చేసుకోవాలంటే ఇంట్లో గింజ లేని నెల పెట్టుకోవచ్చు, సులభంగా గుర్తొస్తుంది. కానీ గాదెలు నిండిన వారంలోనే గట్టి ఇల్లు వదిలి ఆకుల కింద కూర్చోమన్నాడు. యూదుల నియమం ప్రకారం ఆ పైకప్పు నేలలోంచి మొలిచి, కోసిన కొమ్మలతో వేయాలి, రేకులు పనికిరావు. ఎండకంటే నీడ ఎక్కువ ఉండాలి, అయినా సందుల్లోంచి రాత్రి చుక్కలు కనిపించేలా వదలడం ఆనవాయితీ. యెరూషలేములో భక్తి ఎక్కువగా ఉండే పేటల్లో అపార్టుమెంట్ల బాల్కనీలు ఒకదాని మీద ఒకటి రాకుండా పక్కకు జరిపి కడతారు, ప్రతి బాల్కనీకీ ఆకాశం దొరకాలని. ఆ వారంలో చాలా సమాజమందిరాల్లో ప్రసంగి గ్రంథం చదువుతారు. పంట చేతికొచ్చి సంబరంగా ఉన్నప్పుడు 'సమస్తమును వ్యర్థమే' అనే పుస్తకం! ఎవరు ఏర్పాటు చేశారో గానీ వాళ్ళకు మనుషులు బాగా తెలుసు.

ఈ పండుగకు భయంతో పొత్తు కుదరదు. ద్వితీయోపదేశకాండంలో దీని గురించి ఉన్నవి మూడే వచనాలు, అందులో సంతోషించమన్న మాట రెండుసార్లు వస్తుంది. యూదుల ప్రార్థనల్లో దీన్ని 'మన ఆనందకాలం' అని పిలుస్తారు. నెహెమ్యా 8వ అధ్యాయం ఒక్కసారి మొత్తం చదవండి, మీ కోసమే రాసినట్టుంటుంది. చెర నుంచి తిరిగొచ్చిన జనం నీటి గుమ్మం ఎదుట నిలబడి ధర్మశాస్త్రం వింటారు. విని, మనం ఇవన్నీ చేయలేదే అని ఏడుస్తారు. అచ్చం మీలాగే. అప్పుడు నెహెమ్యా, ఎజ్రా, దేవాలయ సేవ చేసే లేవీయులు ఏమన్నారు? ఏడవకండి, వెళ్ళి కొవ్విన మాంసం తినండి, మధురమైనది తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్ళకు వంతులు పంపండి, యెహోవా ఇచ్చే ఆనందమే మీ బలం అన్నారు. పర్ణశాలల మాట ఆ తర్వాతి రోజు వస్తుంది. అప్పుడు జనం కొండకెళ్ళి ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈతమట్టలు తెచ్చి ఇళ్ళ మిద్దెల మీదా ముంగిళ్ళలోనూ పాకలు వేసుకున్నారు. ముందు కన్నీళ్ళు తుడిచారు, వంతులు పంపించారు, ఆ తర్వాతే పందిళ్ళు. మీ సహవాసంలో ఆ వరుస తిరగబడినట్టుంది.

ఆ సంతోషం ఎవరిది అన్నది కూడా వాక్యంలో పేర్లు పెట్టి మరీ రాసి ఉంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఊళ్ళో ఉన్న లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు. చివరి నలుగురినీ ఒకసారి చూడండి, నలుగురికీ సొంత భూమి లేదు, సొంత పంట లేదు. పంట లేనివాళ్ళు పంట పండుగలో కూర్చోవాలన్నది ఆజ్ఞ. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ ఇంకా కటువుగా చెప్పాడు. వాకిలి తలుపు మూసుకుని పెళ్ళాం పిల్లలతో తిని తాగి, బీదవాళ్ళకు పెట్టనివాడిది పండుగ సంతోషం కాదు, కడుపు సంతోషం అని. యూదుల ఇళ్ళల్లో ఏడు రాత్రులూ రాత్రికొకరి చొప్పున అబ్రాహాము నుంచి దావీదు దాకా ఏడుగురు పితరులను పందిట్లోకి అతిథులుగా పిలిచే ఆచారం కూడా ఉంది. అతిథి లేని పర్ణశాల వాళ్ళకు బోసిగా ఉంటుంది.

క్రైస్తవులకు దీంతో ఏం సంబంధం అని కదా అడిగారు. మొదటి జవాబు సాదాసీదాది, ఇది మన ప్రభువు చేసిన పండుగ. యోహాను సువార్త 7, 8 అధ్యాయాలు ఈ పండుగలోనే జరుగుతాయి. ఆ రోజుల్లో దేవాలయంలో ఏం జరిగేదో యూదుల మిష్నా గ్రంథం వివరంగా చెబుతుంది. యాజకుడు బంగారు కూజా తీసుకుని సిలోయము కోనేటికి దిగి నీళ్ళు ముంచి తెస్తాడు. నీటి గుమ్మం దగ్గర బూరలు ఊదుతారు. ఆ నీటిని బలిపీఠం మీద పోస్తారు. రాత్రిళ్ళు స్త్రీల ఆవరణంలో పెద్ద పెద్ద బంగారు దీపస్తంభాలు వెలిగిస్తారు. వాటి వత్తులు యాజకుల పాత బట్టలు చింపి చేసినవి. ఆ వెలుగు సోకని ముంగిలి యెరూషలేములో ఉండేది కాదట. పేరు మోసిన భక్తులు కాగడాలు పట్టుకుని చిందులేసేవాళ్ళట, లేవీయులు పదిహేను మెట్ల మీద నిలబడి వాయించేవాళ్ళట. ఆ సంబరం చూడనివాడు జీవితంలో సంబరమే చూడలేదు అని అక్కడ ఒక మాట ఉంది.

ఇప్పుడు యోహాను 7:37 తీయండి. పండుగలో మహాదినమైన అంత్యదినాన యేసు నిలబడి బిగ్గరగా అన్నాడు, ఎవడైనా దప్పిగొంటే నా దగ్గరకు వచ్చి దప్పి తీర్చుకోవాలని. వారం రోజులుగా నీళ్ళు మోసి, వాన కోసం దేవుడి వైపు చూస్తున్న జనం మధ్యలో ఆ మాట! తర్వాతి అధ్యాయంలో 'నేను లోకమునకు వెలుగును' అంటాడు, అదీ దేవాలయంలో, ఆ దీపాలు వెలిగిన ఆవరణం ప్రాంతంలోనే. ఆ తర్వాత గుడ్డివాడిని కడుక్కోమని పంపింది కూడా ఆ సిలోయము కోనేటికే. పండుగ తెలియకుండా ఈ అధ్యాయాలు చదివితే ఎవరో ప్రసంగం చేసినట్టుంటుంది. తెలిసి చదివితే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. నన్నడిగితే క్రైస్తవ విశ్వాసికి ఈ పండుగ గురించి తెలుసుకోవడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే.

ప్రకటన 7లో లెక్కకు మించిన జనసమూహం ఖర్జూరపు మట్టలు పట్టుకుని నిలబడడం, 21లో దేవుడి నివాసం మనుషులతో ఉండడం చదివినప్పుడు కూడా ఈ పండుగ మనసులో మెదులుతుంది. రూపాంతర కొండ మీద పేతురు 'మూడు పర్ణశాలలు కట్టుదును' అన్నప్పుడు పాపం ఆయనకు ఏం గుర్తొచ్చిందో కూడా కొంత అర్థమవుతుంది.

ఇక చేయాలా వద్దా. అన్యజనుల్లోంచి విశ్వసించినవాళ్ళు ఏమేం పాటించాలి అనే గొడవ మొదటి శతాబ్దంలోనే వచ్చింది. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలు కూర్చుని నాలుగు విషయాలు రాసి పంపారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉండమన్నారు. అందులో పండుగల ఊసే లేదు. పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం విషయంలో మీకు తీర్పు తీర్చే అవకాశం ఎవరికీ ఇవ్వవద్దని కొలొస్సయులకు రాసిన పత్రిక 2:16లో ఉంది. కాబట్టి 'చేసి తీరాలి' అనే హక్కు ఆ బ్రదర్ గారికి లేదు.

అదే వచనం అత్తయ్యగారికి కూడా వర్తిస్తుంది. చేసినవాళ్ళకు తీర్పు తీర్చమని అందులో లేదు కదా. పౌలు స్వయంగా పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని ఆత్రపడ్డాడు. ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఒకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోండి అని రోమీయులకు రాసింది ఆయనే. రక్షణ కోసమో, శాపం తప్పించుకోవడానికో చేస్తే దినాలూ నెలలూ ఆచరిస్తున్నారని గలతీయులను ఆయన మందలించిన మాట మనకూ తగులుతుంది. తెలుసుకుందామని, సంతోషిద్దామని చేస్తే పాపం లేదు. అత్తయ్యగారి కోపం వెనక ఉన్న జాగ్రత్త మాత్రం సరైనదే, ఆవిణ్ణి తేలిగ్గా తీసేయకండి.

'మిగిలిన ఒక్క పండుగ' అనే వాదన చాలామంది బోధకులు చెబుతారు, వినడానికి బాగుంటుంది. పస్కాకూ పెంతెకొస్తుకూ సంఘ క్యాలెండరులో చోటు దొరికి దీనికి దొరకలేదన్నది నిజమే. ప్రభువు రాకడ నాటి కోతకు ఇది సూచన అని ఆశించవచ్చు. ఆ ఆశ వేరు, ఆ పేరుతో కుటుంబాలకు టెన్షన్ పెట్టడం వేరు. యేసు పుట్టింది ఈ పండుగలోనే అనే లెక్క కూడా మీ చెవిన పడుతుంది. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా (పైన చెప్పిన ప్రవక్త కాదు) యాజకుడిగా దేవాలయ సేవ చేసిన వంతును బట్టి నెలలు కూడి చెబుతారు. మధ్యలో ఊహలు చాలా ఉన్న లెక్క అది, దాని మీద బరువు పెట్టకండి.

ఈ మాటల మధ్యలో మనం మరిచిపోయేది ఒకటుంది. ఇది చరిత్రలో ముగిసిపోయిన పండుగ కాదు. ఒక జనం ఇవాళ్టికీ జరుపుకుంటోంది. క్రైస్తవ సంఘం వాళ్ళ విషయంలో రెండు రకాలుగా తప్పింది. 386, 387 సంవత్సరాల్లో అంతియొకయలో క్రిసోస్తొము అనే గొప్ప ప్రసంగీకుడు, తన సంఘస్థులు యూదుల పండుగలకు వెళ్తున్నారని కోపం తెచ్చుకుని యూదుల మీద చేసిన ప్రసంగాలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో యూదులను ద్వేషించేవాళ్ళు ఆ మాటలను ఆయుధాలుగా వాడుకున్నారు. రెండో రకం ఇప్పటిది. ప్రార్థన శాలువాలు కప్పుకుని, నాలుగు హీబ్రూ మాటలు పలికి, వాళ్ళ పండుగ అసలు అర్థం మాకే తెలుసు అనడం. మీ జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము బెనె ఎఫ్రాయిము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. చిన్న సమాజమందిరం ఉంది, యూదు పండుగలు పాటిస్తారు. మన వీధిలోనే వాళ్ళు ఉంటే వాళ్ళ ఎదుట మనం ఎలా మాట్లాడతామో, లేనప్పుడూ అలాగే మాట్లాడాలి. దబ్బపండు, ఈతమట్ట, గొంజి, నిరవంజి కొమ్మలు పట్టుకుని ఆశీర్వాదం పలకడం వాళ్ళ ఆరాధన. చదివి తెలుసుకోవచ్చు, మనం నటించనక్కర్లేదు.

ఐదు వేల సంగతి. 'పండుగ దశమభాగం' అనే మాటకు ద్వితీయోపదేశకాండం 14లో ఆధారం చూపిస్తారు. బ్రదర్ గారిని ఆ అధ్యాయం 22 నుంచి 29 దాకా బిగ్గరగా చదవమని అడగండి. ఆ దశమభాగాన్ని ఎవరు తినాలి? నువ్వూ నీ ఇంటివాళ్ళూ. దారి దూరమైతే పంటను డబ్బుగా మార్చుకుని, అక్కడికి వెళ్ళాక నీ మనసు కోరింది కొనుక్కుని, నీ కుటుంబంతో దేవుడి సన్నిధిలో తిని సంతోషించమంటాడు. లేవీయుణ్ణి విడిచిపెట్టొద్దంటాడు. మూడో ఏట దశమభాగం ఊళ్ళోని లేవీయుడికి, పరదేశికి, దిక్కులేని పిల్లలకు, విధవరాళ్ళకు. సహవాసం ఖాతాలో వేయమని లేదు. అమెరికాలో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్థాపించిన వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్ చాలా ఏళ్ళు ఈ పండుగను తప్పనిసరి చేసి, దాని ఖర్చుకు రెండో దశమభాగం పక్కన పెట్టించింది. 1986లో ఆయన పోయాక, 1990లలో ఆ సంఘమే ఆ నిబంధనలు వదులుకుంది. కౌలు కట్టాల్సిన ఇంట్లోంచి ఐదు వేలు తీయకండి. 'మా ఇంట్లో కుదరదండీ' అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఆ మాటకు ముఖం మాడ్చుకుంటే ఆ శుక్రవారాలు మీకు ఇక అవసరమా అని అప్పుడు ఆలోచించండి.

మీ గుడిలోనే ఒక కోత పండుగ ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. ఊరిని బట్టి నెల మారుతుంది గానీ వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధనయ్యాక వేలం వేయడం మీకు కొత్త కాదు. ఇంగ్లండులో ఇప్పుడున్న తరహా చర్చి కోత పండుగను 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే ఊళ్ళో రాబర్ట్ హాకర్ అనే పాస్టరు మొదలుపెట్టాడంటారు. మన దగ్గరికి ఇలాంటివి మిషనరీలతో వచ్చాయి. లేవీయకాండంలోంచి నేరుగా వచ్చిందేం కాదు. కానీ మన నేలకు, మన పంటకు సరిపోయేది ఇది. దీనిలో నాకు నచ్చనిది ఒక్కటే, వేలం. సొరకాయను రెండు వేలకు పాడినవాళ్ళ పేరు మైకులో మోగుతుంది, ఆ సొరకాయ పాదుకు నీళ్ళు పోసిన కూలి మనిషి వెనక వరసలో కూర్చుని చూస్తుంది. మీరు, అత్తయ్యగారు కలిసి అయ్యగారితోనూ స్త్రీల సమాజంతోనూ మాట్లాడి, ఆ రోజు గుడి ఆవరణలో నాట్లకూ కోతలకూ వచ్చిన కూలీలందరికీ, ఏ కులమైనా ఏ మతమైనా, ముందు వరసలో ఆకు వేసి భోజనం పెట్టించగలరేమో చూడండి. ద్వితీయోపదేశకాండం 16:14 ఊళ్ళో కళ్ళకు కడుతుంది. అత్తయ్యగారు దీనికి అడ్డు చెప్పరని నా నమ్మకం. ఆవిడ ముందుండి నడిపించినా ఆశ్చర్యపోను.

పిల్లల పందిరి మానకండి. కొబ్బరి మట్టలు కప్పి చిన్నది వేసుకోండి, పండుగ రోజే వేయాలని కూడా లేదు, సెలవు రోజు చూసుకోండి. ఒక సాయంత్రం అందులో అన్నం తినండి. పక్కింటి పిల్లల్ని పిలవండి. లేవీయకాండం 23లో ఆ ముక్క పెద్దబ్బాయితోనో అమ్మాయితోనో చదివించండి, తర్వాత యోహాను 7. మీవారు 'నీ ఇష్టం' అన్నారు కదా, మట్టలు కొట్టే పని ఆయనకు అప్పజెప్పండి. ఏడు రోజులు డాబా మీద పడుకోవడం మాత్రం వద్దు. మనకు అక్టోబరు అంటే వాయుగుండాల నెల, పందిరి ఎగిరి ఎవరి నెత్తినో పడుతుంది. వాన పడి గిన్నెలో కూర పాడయ్యేలా ఉంటే లేచి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చని యూదుల నియమమే చెబుతోంది.

షోఫారు కొనకండి. అది ప్రధానంగా ఈ పండుగది కాదు, రెండు వారాల ముందు, ఏడో నెల మొదటి రోజున వచ్చే శృంగధ్వని పండుగది. పైగా ఊదడం అంత తేలిక కూడా కాదు. తెల్లారుజామున మీరు డాబా మీద సాధన మొదలుపెడితే అత్తయ్యగారిని నేను సముదాయించగలను గానీ, మీ వీధి గేదెల సంగతి నా వల్ల కాదు.